ఎపిడ్యూరల్ మత్తు – మేలూ మెలకువా

శస్త్రచికిత్స ముగిసినంత మాత్రాన రోగి బాధ ముగియదు. ఛాతీనిగానీ ఉదరాన్నిగానీ కోసి చేసిన పెద్ద శస్త్రచికిత్స తరువాత తొలి రెండు మూడు రోజులు గాయం తీవ్రంగా బాధిస్తుంది. ఆ నొప్పికి జంకి రోగి నిండుగా ఊపిరి తీసుకోడు. దగ్గు వచ్చినా ఆపుకొంటాడు. అందువల్ల ఊపిరితిత్తులలో కఫం నిలిచి న్యుమోనియా సోకే ప్రమాదం ఏర్పడుతుంది. కాబట్టి నొప్పిని తగ్గించడం కూడా చికిత్సలో ఒక భాగమే. అందుకు వైద్యులు అనుసరించే మార్గాలలో ఎపిడ్యూరల్ మత్తు ఒకటి.

వెన్నుపామును, దానిచుట్టూ ఉండే ద్రవాన్ని ‘డ్యూరా’ అనే దళసరి పొర సంచివలె కప్పి ఉంచుతుంది. ఈ పొరకు వెలుపల, వెన్నెముకకు లోపల ఉన్న సన్నని చోటును ఎపిడ్యూరల్ స్థలం అంటారు. వెన్నుపాము నుంచి బయలుదేరే నాడులు ఈ చోటును దాటియే శరీరభాగాలను చేరుతాయి. మత్తువైద్యుడు వీపున సూది గుచ్చి, దాని గుండా దారంవంటి గొట్టాన్ని అక్కడికి పంపి, సూదిని తీసివేస్తాడు. బ్యుపివకైన్ వంటి తిమ్మిరిమందును, ఫెంటానిల్ వంటి నల్లమందు వర్గపు ఔషధంతో కలిపి, ఆ గొట్టం ద్వారా కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. నొప్పి మాత్రం అణగి ఉంటుంది. స్పెయిన్ దేశపు సైనిక వైద్యుడు ఫిడెల్ పాజెస్ 1921లో ఈ పద్ధతిని నడుము భాగంలో ప్రయోగించి లోకానికి వెల్లడించాడు.

ఇంత మేలు చేసే పద్ధతికి దుష్ప్రభావాలు ఎందుకుంటాయి? ఆ చోట ఉన్నవి నొప్పిని తెలియజేసే నాడులు మాత్రమే కావు. రక్తనాళాలను బిగించి ఉంచేవి, మూత్రాశయాన్ని నడిపేవి, కాళ్లను కదిలించేవి కూడా అక్కడివే. మందు వీటన్నింటినీ ఎంతో కొంత తాకుతుంది. రక్తనాళాలు వదులైనప్పుడు రక్తపోటు పడిపోయి తల తిరుగుతుంది. అప్పుడు సెలైన్ ఎక్కించడమో, మందు మోతాదు తగ్గించడమో చేస్తారు. మూత్రం వచ్చిన సంగతి తెలియదు కాబట్టి గొట్టం అమర్చవలసి రావచ్చు. కాళ్లు మొద్దుబారి ఉంటాయి గనుక రోగి ఒంటరిగా మంచం దిగరాదు. నల్లమందు వర్గపు ఔషధం వల్ల ముక్కు, ముఖం దురద పెట్టవచ్చు, వికారం కలుగవచ్చు. ఇవి సాధారణమైనవి, తగ్గేవి. అయితే అదే ఔషధం మోతాదు మించితే రోగి మగతలో పడి, శ్వాస మందగిస్తుంది. నర్సులు మాటిమాటికీ వచ్చి శ్వాసను లెక్కించేది ఇందుకే.

తలనొప్పి మరొక ఇబ్బంది. అరుదుగా సూది డ్యూరా పొరను దాటితే, లోపలి ద్రవం కారి, లేచి కూర్చున్నప్పుడు తల పగిలిపోతున్నట్లు ఉంటుంది, పడుకొంటే తగ్గుతుంది. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే వైద్యుడు వెన్నుద్రవంలోకి మందు ఎక్కించే పద్ధతిని తనమీదనే పరీక్షించుకోబోయాడు. సూదికి సిరంజి సరిగా అమరక ద్రవం కారిపోయింది. ఆ తరువాత కొన్ని రోజులు ఆయన ఇటువంటి తలనొప్పినే అనుభవించాడు. నేడు దీనికి చికిత్స ఉంది. తలనొప్పి తగ్గకపోతే రోగి చేతి నుంచి తీసిన కొంచెం రక్తాన్ని ఎపిడ్యూరల్ స్థలంలోకి ఎక్కిస్తారు. అది గడ్డకట్టి రంధ్రాన్ని మూసివేస్తుంది.

వీటన్నింటికన్నా ప్రమాదకరమైనది ఆ చోట రక్తం గడ్డకట్టడం, లేదా చీము చేరడం. అప్పుడు వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. ఇది చాలా అరుదు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్ 2009లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారం, శస్త్రచికిత్స నిమిత్తం ఎపిడ్యూరల్ పొందినవారిలో శాశ్వత హాని కలిగినవారు 5,800 మందికి ఒకరు మొదలుకొని 12,200 మందికి ఒకరి వరకు ఉండవచ్చు. అరుదైనా, దీనిని గుర్తించడంలో ఒక చిక్కు ఉంది. కాళ్ల తిమ్మిరి మందు వల్లనూ కలుగుతుంది, గడ్డవల్లనూ కలుగుతుంది. మందు ఆపిన కొన్ని గంటలలో కాళ్లకు బలం తిరిగి రావాలి. రాకపోయినా, బలహీనత పెరుగుతున్నా, వెన్నులో కొత్తగా నొప్పి, జ్వరం కనిపించినా వెంటనే వైద్యునికి తెలపాలి. రక్తపుగడ్డ వల్ల కాళ్లు చచ్చుబడినప్పుడు 8 నుంచి 12 గంటలలోపు శస్త్రచికిత్సతో దానిని తొలగిస్తే కోలుకొనే అవకాశం ఎక్కువ. తెల్లవారిన తరువాత చెబుదామని ఊరుకొంటే ఆ అవకాశం జారిపోవచ్చు. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు వాడేవారు ఆ సంగతిని ముందుగానే చెప్పాలి. గొట్టం అమర్చేటప్పుడే కాక, తీసేటప్పుడు కూడా రక్తస్రావ భయం ఉంటుంది.

వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుమునొప్పి తప్పదనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండడం నిజమే. కాని దీర్ఘకాలపు నడుమునొప్పికి ఎపిడ్యూరల్ కారణమని ప్రసవించిన స్త్రీలపై జరిపిన పరిశోధనలలో రుజువు కాలేదు. లేని భయంతో మేలైన చికిత్సను కాదనడం ఎంత తప్పో, ఉన్న లక్షణాన్ని ఓర్చుకొని దాచడం అంత తప్పు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన రాత్రంతా కూర్చొనేది కుటుంబంలోని వారే. వారిలో విద్యార్థులూ ఉంటారు. “కాళ్లు కదులుతున్నాయా? ఊపిరి సరిగా ఆడుతున్నదా?” అని అడిగి, సందేహం కలిగిన వెంటనే నర్సును పిలవడం వారు చేయగల గొప్ప సేవ.