పశువు మోకాలు ఎక్కడుందో తెలుసా?

పశువైద్య కళాశాలలో చేరిన విద్యార్థులు మొదటి ఏడాది ఎముకలతోనే ఎక్కువ కుస్తీ పడతారు. తిరుపతిలోనైనా, గన్నవరంలోనైనా, రాజేంద్రనగర్‌లోనైనా ఇదే తీరు. ఒక ఎముక చేతికిస్తే అది ఆవుదో గుర్రానిదో, కుడి కాలిదో ఎడమ కాలిదో చెప్పగలగాలి. రైతుకు అంత చదువు అక్కర్లేదు. కానీ కాళ్ల ఎముకల అమరిక కొంత తెలిస్తే ఎద్దు కాలు ఈడుస్తున్నప్పుడు, గేదె ఈనలేక అవస్థ పడుతున్నప్పుడు, దూడ కాలు విరిగినప్పుడు ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో తెలుస్తుంది. ఒక జత ఎడ్లు, ఒకటో రెండో గేదెలు ఉన్న ఇంట్లో ఒక్క పశువు చేజారినా ఆ ఏడాది సేద్యం, పాడి రెండూ దెబ్బతింటాయి.

వేళ్ల కొసల మీద నడక

మీ అరచేతిని బల్ల మీద ఆనించి, మెల్లగా పైకెత్తుతూ మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు మాత్రమే ఆనేలా పట్టండి. ఆవు, గేదె, మేక, గొర్రె నిలబడేది ఇలాగే. చీలిన గిట్టలోని రెండు భాగాలూ ఆ రెండు వేళ్ల గోళ్లు. వెనకవైపు కాస్త పైన కనిపించే రెండు బుడిపె గిట్టలు చూపుడువేలు, చిటికెనవేలు మిగుళ్లు. బొటనవేలు అసలే లేదు. గుర్రానికైతే మధ్యవేలు ఒక్కటే మిగిలింది.

గిట్ట పైన ఒక కీలు, ఆ పైన కడ్డీలాంటి పొడుగాటి ఎముక ఉంటాయి. ఆ కడ్డీ మన అరచేతిలోని రెండు ఎముకలు కలిసిపోయి ఒకటైనది. దాని పైన మనం ముందరి కాలి మోకాలు అని పిలిచేది నిజానికి మణికట్టు. మోచెయ్యి ఇంకా పైన, ఛాతీకి ఆనుకుని ఉంటుంది. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు మడమ. మరి అసలు మోకాలు ఎక్కడ? పొట్ట కింది చర్మం మడత తొడను కలిసే చోట. అక్కడ చేత్తో తడిమితే మోకాలి చిప్ప తగులుతుంది.

ముందు కాళ్లలో మరో విశేషం ఉంది. మనకున్న మెడ కింది అడ్డ ఎముక పశువుకు లేదు. భుజం రెక్క ఎముకను ఛాతీకి పట్టి ఉంచేది కండరాలే. ఒంటి బరువులో సగానికి పైగా ఈ ముందు కాళ్ల మీదే పడుతుంది. మూపురంలోనూ ఎముక లేదు, అదంతా కండ, కొవ్వు.

పశువు కుంటితే చాలామంది ముందుగా జబ్బ మీదో తుంటి మీదో చెయ్యి వేస్తారు. మొదట చూడాల్సింది గిట్ట. మేకు, రాయి, పుండు, పెరిగిపోయిన గిట్ట వీటిలో ఏదో ఒకటి అక్కడే దొరకడం ఎక్కువ. గిట్ట కడిగి చూశాకే పైకి రావాలి.

కాలు కొయ్యబారే ఎద్దు

పొద్దున్నే లేచిన ఎద్దు వెనక కాలు వెనక్కి చాచుకుని కొయ్యలా ఉండిపోతుంది. ముందుకు వెయ్యలేక గిట్ట కొసను నేల మీద ఈడుస్తుంది. నాలుగడుగులు వేశాక ఒక్క కుదుపుతో కాలు విడిపడి ముందుకొస్తుంది. కాసేపటికి మామూలుగా నడుస్తుంది. మర్నాడు మళ్లీ ఇదే తంతు. ఎడ్లలోనూ, గేదెల్లోనూ తరచుగా కనిపించే బాధ ఇది. దీన్ని వాతమనో, నరం పట్టిందనో అనుకుని వాతలు పెట్టిస్తుంటారు.

బాధ వాతంలో లేదు, మోకాలి చిప్పలో ఉంది. తొడ ఎముక కింది కొసన రెండు గట్లు ఉంటాయి. వాటి మధ్య గాడిలో చిప్ప కిందికీ పైకీ జారుతుంటుంది. మూడు లిగమెంట్లు, అంటే గట్టి పట్టీలు, చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచుతాయి. లోపలివైపు గట్టు పెద్దది. చిప్ప పైకి జారినప్పుడు లోపలి పట్టీ ఆ గట్టుకు కొక్కెంలా తగులుకుంటే మోకాలు వంగదు. మోకాలు వంగకపోతే మడమా వంగదు, ఎందుకంటే వెనక కాలిలో ఆ రెండు కీళ్లూ కలిసే పనిచేస్తాయి. తొడ మీద ఎన్ని వాతలు పెట్టినా ఆ కొక్కెం విడదు. చర్మం కాలడం, పుండు పడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

డాక్టరు మోకాలి దగ్గర మత్తు సూది వేసి, చిన్న గాటుతో ఆ లోపలి పట్టీ ఒక్కదాన్ని తెంచుతారు. కొద్ది నిమిషాల పని. చాలా పశువులు లేచిన వెంటనే మామూలుగా అడుగు వేస్తాయి. మిగతా రెండు పట్టీలు చిప్పను పట్టి ఉంచుతాయి కాబట్టి భయం లేదు. గాయం మానేదాకా ఈగలు వాలకుండా చూసుకుని, డాక్టరు చెప్పినన్నాళ్లు కాడి కట్టకుండా ఉంచాలి. ఇంత సులువుగా నయమయ్యే ఎద్దును కుంటిదని చవగ్గా కటికవాడికి అమ్ముకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

సంతలో కొనేవాళ్లకూ ఇది పనికొస్తుంది. నడిపించి తెచ్చిన ఎద్దులో ఈ లోపం బయటపడకపోవచ్చు. పడుకోబెట్టి, కాసేపాగి లేపించండి. మొదటి పదడుగులు చూడండి. వెనక్కి కూడా నడిపించండి. ఒకవైపు తుంటి ఎముక కొస దిగిపోయి, వెనకనుంచి వంకరగా కనిపించే పశువుల సంగతి వేరు. కొట్టం గుంజకు తగిలి ఆ కొస విరిగి ఉండొచ్చు. నడక బాగుండి కుంటు లేకపోతే పాడికి అదేమంత అడ్డు కాదు. ధర మాత్రం తగ్గించి అడగొచ్చు.

వచ్చింది ముందు కాలా, వెనక కాలా?

ఆవు ఈనే దారి చుట్టూ తుంటి ఎముకల వలయం ఉంటుంది. ఆ వలయం సాగదు. ఈనే ముందు తోక మొదట్లో రెండు వైపులా గుంటలు పడతాయే, అక్కడ వదులయ్యేవి వెనకవైపు పట్టీలు మాత్రమే. అందుకే ఎదగని పెయ్యకు తొందరపడి ఎద వేయించకూడదు. సంకరజాతి పెయ్య 250 కిలోలు, ముర్రా పడ్డ దాదాపు 300 కిలోలు తూగాకే కట్టించడం మేలు.

నీటి సంచి పగిలి కాళ్లు కనిపించగానే లాగడం మొదలుపెట్టకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు తీసుకుని, ముందు ఆ కాలు ఏదో తేల్చుకోండి. గిట్ట అడుగుభాగం కిందికి చూస్తుంటే చాలావరకు ముందు కాలు, పైకి చూస్తుంటే వెనక కాలు. కానీ దూడ వెల్లకిలా ఉంటే ఈ గుర్తు తప్పుతుంది. నమ్మదగ్గ గుర్తు కీళ్లది. గిట్ట నుంచి పైకి తడుముతూ మొదటి కీలును, రెండో కీలును వంచి చూడండి. రెండూ ఒకే వైపుకు వంగితే ముందు కాలు, చెరో వైపుకు వంగితే వెనక కాలు. వెనక కాలికి రెండో కీలు దగ్గర మడమ మొన కూడా తగులుతుంది.

ముందు కాళ్లయితే వాటి మీద ముట్టె ఆని ఉండాలి. రెండు కాళ్లు వచ్చి తల తగలకపోతే అది పక్కకు తిరిగి ఉందన్నమాట. అప్పుడు లాగితే దూడా దక్కదు, తల్లికీ గండమే. వెంటనే డాక్టరును పిలవాలి. వెనక కాళ్లతో వచ్చే దూడకు మరో ప్రమాదం ఉంది. దాని నడుము బయటపడే వేళకు బొడ్డుతాడు తల్లి ఎముకకూ దూడ ఒంటికీ మధ్య నలుగుతుంది, తలేమో ఇంకా లోపలే ఉంటుంది. అక్కడినుంచి ఆలస్యం చేస్తే దూడకు ఊపిరాడదు.

అంతా సవ్యంగా ఉండి సాయం కావాల్సి వస్తే తాడు గిట్ట పై కీలుకు పైన వెయ్యాలి. ఒక కాలు కాస్త, రెండో కాలు కాస్త మార్చి మార్చి లాగితే దూడ భుజాలు ఒకదాని వెనక ఒకటిగా ఎముకల దారి దాటతాయి. తల్లి ముక్కినప్పుడే లాగాలి. తల, భుజాలు వచ్చాక తల్లి మడమల వైపుకు, అంటే కిందికి లాగాలి. ఇద్దరి బలం చాలు. నలుగురైదుగురు పట్టి లాగితే దూడ కాలి కడ్డీ ఎముక విరుగుతుంది, తల్లి తొడలకు వెళ్లే నరం నలిగి వెనక కాళ్లు చీలబడి లేవలేకపోతుంది. నీటి సంచి పగిలి గంట దాటినా ఏమీ కనిపించకపోతే ఇంకా చూస్తూ కూర్చోవద్దు.

కట్టు, సూది

దూడల కడ్డీ ఎముక విరిగితే బాగానే అతుకుతుంది. డాక్టరు వచ్చేలోపు దూది గానీ మెత్తటి గుడ్డ గానీ మందంగా చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టొచ్చు. కట్టు విరిగిన చోటుకు పైకీలును, కిందికీలును కూడా కదలకుండా పట్టాలి. మెత్త లేకుండా బిగించి కడితే రక్తం ఆగి కింది కాలు కుళ్లిపోతుంది. తొడ ఎముక, జబ్బ ఎముక విరిగితే పైకీలును కట్టుతో పట్టడం కుదరదు కాబట్టి నాటు కట్టుకు పోకూడదు.

దూడలకు పిరుదులో సూది వెయ్యనివ్వకండి. అక్కడ కండ పల్చన, తొడ వెనకగా పెద్ద నరం దిగుతుంది. దానికి సూది తగిలితే కాలు మడతపడి ఈడుస్తుంది. మెడ మీద, భుజానికి ముందు వేయించడం మంచిది. మెడ ఎముకలు పైన కాకుండా మెడ కిందిభాగంలో ఉంటాయి, కాబట్టి పైభాగాన కండలోకే సూది దిగుతుంది.

ఎముకల్లో దాచిన సున్నం

ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 పాళ్లు ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. లీటరు గేదె పాలలో సుమారు 1.8 గ్రాములు, ఆవు పాలలో 1.2 గ్రాములు బయటకు పోతాయి. వట్టి వరిగడ్డి మీద ఈ లోటు తీరదు. పైగా వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. భాస్వరం తగ్గిన పశువు గుడ్డలు, మట్టి, చివరికి బీడులో పడున్న ఎముకలు కూడా నములుతుంది. ఆ ఎముకలకు కుళ్లిన మాంసం అంటి ఉంటే విషం ఎక్కి కాళ్లు పడిపోయే ప్రమాదముంది. పాలిచ్చే పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తవుడులో కలిపి పెట్టాలి. ఈనిన మూడు రోజుల్లోపు పశువు చెవులు చల్లబడి, మెడ పక్కకు వాల్చి లేవలేకపోతే అది పాల జ్వరం. ఆ పూటే కాల్షియం నరానికి ఎక్కించాలి. నోట్లో ఏదీ పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.