మీకు తెలుసా? సర్జన్ మోకాలికే పరీక్ష

మోకాలి లోపల ఎక్కడ తాకితే ఎంత నొప్పి పుడుతుందో తెలుసుకోవడానికి అమెరికన్ ఎముకల సర్జన్ స్కాట్ డై తన మోకాళ్లనే పరీక్షకు పెట్టారు, పూర్తి మెలకువతో!

కీలు లోపలికి చూసే సన్నటి కెమెరా గొట్టం ఆర్థ్రోస్కోప్‌ను దూర్చే చోట చర్మానికి మాత్రమే మత్తు సూది. కీలు లోపల చుక్క మందు లేదు. తోటి సర్జన్ లోపలి భాగాలను ఒక్కొక్కటిగా నొక్కుతుంటే ఆయన నొప్పికి 0 నుంచి 4 దాకా మార్కులు వేశారు. ఎంత గుండెధైర్యమో!

మోకాలిచిప్ప వెనకున్న మృదులాస్థిని తాకితే నొప్పే తెలియలేదు. అందులో నరాలుండవు మరి. చిప్ప కింది కొవ్వు మెత్తలో, కీలు లోపలి పల్చటి పొర ముందుభాగంలో మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఎముకల మధ్య మెత్తలా ఉండి, తరచూ ఆపరేషన్ జరిగే మెనిస్కస్‌కు లోపలి అంచున స్పర్శ అంతంతమాత్రమే. బయటి అంచుకు వెళ్లేకొద్దీ బాధ పెరిగింది. ఈ ఫలితాలు 1998లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్’లో వచ్చాయి.

కంగారు వద్దు. లోకల్ మత్తుతో చేసే మామూలు ఆర్థ్రోస్కోపీలో మందును చర్మానికే కాదు, కీలు లోపలికీ ఎక్కిస్తారు. మెలకువగా ఉన్న రోగి కావాలంటే తన మోకాలి లోపలి దృశ్యాన్ని తెరమీద చూడొచ్చు.