లోహపు తుప్పు కొలతలో అల్ట్రాసోనిక్ పరీక్ష ఎంతవరకు నమ్మదగినది?

(ప్రత్యేక వ్యాసం)

గార్ల, మహబూబాబాద్ జిల్లా: ఇనుప ఖనిజ నిక్షేపాలకు పేరొందిన బయ్యారానికి పొరుగు మండలం గార్ల. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఖమ్మం జిల్లా నుండి మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ మండల కేంద్రం మీదుగా కాజీపేట - విజయవాడ రైలు మార్గం సాగుతున్నది. ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. కొలిమిలో వేరుచేసిన ఇనుము, గాలి, తేమ తగిలినచోట తిరిగి ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. అదే తుప్పు. రైలు పట్టాలు, బాయిలర్ గొట్టాలు, గ్యాస్ పైపులైన్లు, నీటి ట్యాంకులు ఏవీ దీనికి అతీతం కావు.

పైకి కనిపించే తుప్పు కన్నా లోపల దాగిన తుప్పు ప్రమాదకరమైనది. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థకు చెందిన 18 అంగుళాల గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా మరణించారు. గ్యాసుతోపాటు ప్రవహించిన నీరు, ద్రవాల మూలంగా గొట్టం లోపలి వైపు ఏర్పడిన తుప్పే కారణమని విచారణలో వెల్లడైనది. ఇటువంటి తుప్పును ముందుగా గుర్తించుటకు విరివిగా వాడుతున్న సాధనాలలో అల్ట్రాసోనిక్ పరీక్ష ఒకటి.

పరీక్షా విధానం

మనిషి చెవికి వినపడనంత హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనిని ప్రోబ్ ద్వారా లోహంలోనికి పంపుతారు. అది ఆవలి గోడను తాకి తిరిగి వచ్చుటకు పట్టిన కాలాన్ని పరికరం కొలుస్తుంది. ఉక్కులో ధ్వని వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు. 10 మిల్లీమీటర్ల మందం గల పలకలో రాకపోకలకు పట్టే కాలం సెకనులో పదిలక్షల వంతులు మూడున్నర లోపే. ఒక వైపు నుండే కొలవగలగడం, గొట్టాన్ని కోయవలసిన అవసరం లేకపోవడం ఈ విధానంలోని ప్రధాన సౌకర్యాలు. అందువలననే విద్యుత్ కేంద్రాల వార్షిక మరమ్మతుల సమయంలో బాయిలర్ గొట్టాల మందాన్ని ఈ పద్ధతిలో పరిశీలిస్తారు.

పొరపాటుకు తావిచ్చే అంశాలు

పరికరం కొలిచేది కాలాన్ని మాత్రమే. మందం లెక్కకట్టిన ఫలితం. రంగు పూతలో ధ్వని వేగం ఉక్కులో కన్నా సగానికి తక్కువ. కనుక అర మిల్లీమీటరు పూత ఒక మిల్లీమీటరుకు మించిన ఉక్కుగా లెక్కకు రావచ్చును. లోహం వేడెక్కిన కొలదీ ధ్వని వేగం తగ్గి, ప్రతి 55 డిగ్రీల సెల్సియస్‌కు సుమారు ఒక శాతం చొప్పున మందం ఎక్కువగా కనిపిస్తుంది. బాగా పలుచబడిన గోడ వద్ద పరికరం మొదటి ప్రతిధ్వనిని వదిలి రెండవదానిని గ్రహించి రెట్టింపు మందం చూపే అవకాశమూ ఉన్నది. ఇవన్నీ లోపాన్ని కప్పిపుచ్చే పొరపాట్లే.

గుంటలుగా ఏర్పడే తుప్పు మరింత చిక్కైనది. గుంట అడుగున తగిలిన ధ్వని పక్కలకు చెదిరిపోతుంది. ప్రోబ్ పెట్టిన చోటికి రెండు అంగుళాల దూరాన గల గుంట అసలే లెక్కకు రాదు.

రైలు పట్టాల విషయంలోనూ ఈ పరిమితి ఉన్నది. పట్టా తలపై నుండి పంపిన ధ్వని సన్నని నడుము భాగం గుండా పాదం మధ్యభాగానికి చేరుతుంది గాని, పాదపు అంచులకు చేరదు. పట్టాను స్లీపరుకు బిగించే లైనర్ల వద్ద తుప్పు పట్టేది ఆ అంచులలోనే. అందుచేత యంత్ర పరీక్షతోపాటు సిబ్బంది కంటితో చేసే తనిఖీ కూడ తప్పనిసరి.

ఆయుర్దాయపు లెక్క

ఒక గొట్టం మందం రెండేళ్ళ క్రితం 8.0 మిల్లీమీటర్లు, నేడు 7.6 మిల్లీమీటర్లు అనుకొందము. ఏటా తరుగు 0.2 మిల్లీమీటరు. ఉండవలసిన కనీస మందం 6 మిల్లీమీటర్లయితే 8 సంవత్సరాల ఆయుర్దాయం మిగిలినదని లెక్క. కాని ప్రతి కొలతలో 0.1 మిల్లీమీటరు తేడా అటు ఇటు ఉన్నచో, ఆ 8 సంవత్సరాలు 5 కావచ్చు, 17 కూడ కావచ్చు. తొలి కొలత లేనిచోట ఇబ్బంది మరింత ఎక్కువ. అతుకులేని ఉక్కు గొట్టాల మందంలో 12.5 శాతం వరకు తక్కువను ప్రమాణాలు అనుమతిస్తాయి. అనగా 8 మిల్లీమీటర్ల గొట్టం కొత్తదిగా ఉన్నప్పుడే 7 మిల్లీమీటర్లు ఉండవచ్చును.

పాటించవలసిన జాగ్రత్తలు

గొట్టం అమర్చిన నాడే తొలి కొలతలు నమోదు చేసుకొనవలెను. కొలిచే స్థానాలను శాశ్వతంగా గుర్తించి, ప్రతిసారి అక్కడనే కొలవవలెను. అదే రకపు ఉక్కుతో చేసిన, మందం తెలిసిన మెట్ల దిమ్మెపై పరికరాన్ని పని ఆరంభానికి ముందు, తరువాత సరిచూడవలెను. పూత ఉన్నచోట రెండు ప్రతిధ్వనుల నడుమ కాలాన్ని కొలిచే పరికరాన్ని వాడవలెను. వంపులు, నీరు నిలిచే అడుగు భాగాలలో బిందువులకు బదులు ఆ ప్రాంతమంతటా ప్రోబ్‌ను నడిపి చూడవలెను. భూమిలోని పైపులైన్లకు లోపల ప్రయాణిస్తూ గోడను పరిశీలించే పరికరాలు అవసరం. గత కొలత కన్నా మందం పెరిగినట్లు కనిపిస్తే సంతోషించక, మరల కొలవవలెను.

శిక్షణ పొందినవారు సరైన చోట కొలిచినప్పుడు అల్ట్రాసోనిక్ పరీక్ష నమ్మదగినదే. అయితే పరికరం చూపిన అంకె ప్రోబ్ తాకిన ఆ కొద్దిపాటి చోటుకు మాత్రమే సాక్ష్యం. మిగిలిన గొట్టమంతటికీ దానినే హామీగా భావించరాదని పరిశ్రమల యాజమాన్యాలు, నిర్వహణ సిబ్బంది గుర్తించవలసి ఉన్నది.