అంబాసిడర్ ట్యాపెట్ కవర్ ప్యాకింగ్: ఎంపిక, బిగింపు



మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో తనిఖీకి ఆఫీసరు గారు వచ్చారంటే ముందు గేటు దగ్గర కనిపించేది తెల్ల అంబాసిడర్ కారే. ఆ కారు చుట్టూ మూగిన మాలో కొందరం తర్వాత ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడు చదివి పానాలు పట్టాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో ఈ కారు తయారీ ఆగిపోయింది. అయినా పాత బండిని ముచ్చటగా దాచుకుని నడిపేవారు ఇంకా ఉన్నారు. ఆ బండ్లు షెడ్డుకు వచ్చినప్పుడు మేము తరచు వినే మాట ఒకటే: "ఇంజన్ మీద ఆయిల్ కారుతోంది". మెకానిక్ పని నేర్చుకోబోయే తమ్ముళ్లకు పనికొస్తుందని ఆ సంగతి ఇక్కడ వివరిస్తున్నాం.

ఏమిటీ కవర్?

1959లో అంబాసిడర్‌కు వచ్చిన 1489 సి.సి. పెట్రోల్ ఇంజన్, ఇంగ్లండులోని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందింది. ఇంజన్ పైభాగంలో రాకర్ ఆర్మ్‌లు, వాల్వ్ స్ప్రింగులు ఉంటాయి. వాటిపై మూతలా కూర్చునే రేకు కవర్‌నే షెడ్డులో ట్యాపెట్ కవర్ అంటాం. పుస్తకాల్లో రాకర్ కవర్ అనీ, వాల్వ్ కవర్ అనీ ఉంటుంది. ఆ కవర్ అంచుకూ సిలిండర్ హెడ్‌కూ నడుమ ఉండేదే ప్యాకింగ్, అంటే గ్యాస్కెట్. కవర్ మొత్తాన్ని పట్టి ఉంచేవి రెండే రెండు నట్లు.

కవర్ లోపల ఆయిల్ ప్రెషర్ ఉండదు. పంపు పంపిన ఆయిల్ రాకర్ షాఫ్ట్‌ను తడిపి, చుట్టూ చిమ్మి, పుష్‌రాడ్ల రంధ్రాల గుండా కిందికి దిగిపోతుంది. ప్యాకింగ్ ఆపవలసింది ఆ చిమ్మిన ఆయిల్‌నే. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా పనంతా తేలికవుతుంది.

అయితే నిర్లక్ష్యం చేయదగినది కాదు. ఈ ఇంజన్‌కు కార్బురేటరూ, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. ఆ పక్క కారిన ఆయిల్ కాలే మ్యానిఫోల్డ్ మీద పడితే పొగ, కమురు వాసన వస్తాయి. నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. పైగా ఆయిల్ తగ్గిన సంగతి డ్రైవర్ చూసుకోకపోతే బేరింగులు పోతాయి. కొద్దిపాటి ఖర్చుతో పోయే పని ఇంజన్ బోరుదాకా వస్తుంది.

మేము చేసిన పొరపాటు

నేర్చుకునే రోజుల్లో ఆయిల్ కారితే మాకు తెలిసిన మందు ఒకటే, ఇంకాస్త బిగించడం. మరునాటికి ముందుకంటే ఎక్కువ కారేది. ఒకసారి మేస్త్రి మాచేత కవర్ విప్పించి అద్దం పలక మీద బోర్లించమన్నాడు. అంచు పలకకు పూర్తిగా ఆనలేదు. నట్ల కింద రేకు కుంగి, చివర్లు లేచి ఉన్నాయి. లోపల కార్క్ నలిగి పగిలింది. దాన్ని పాడు చేసింది మా చేతి బలమేనని అప్పుడు తెలిసింది.

ఇదే బి-సిరీస్ ఇంజన్ ఉన్న ఎం.జి.బి. కారు మాన్యువల్‌లో సిలిండర్ హెడ్ నట్లకు 45 నుంచి 50 పౌండ్-అడుగుల బిగువు చెప్పారు. రాకర్ కవర్ నట్లకు చెప్పింది 4 మాత్రమే. తేడా గమనించండి.

ఏ ప్యాకింగ్ కొనాలి?

కార్క్ అంటే పోర్చుగల్, స్పెయిన్ వంటి దేశాల్లో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. అందులో గాలి నిండిన సన్నని గదులుంటాయి. అందుకే నొక్కితే పక్కకు ఉబ్బకుండా ఉన్నచోటే అణుగుతుంది. పలుచని రేకు కవర్‌కు, తక్కువ బిగువుకు ఇది బాగా నప్పుతుంది. దీని లోపం, షాపులో చాలాకాలం ఉంటే ఎండి కురచవుతుంది. కొనేటప్పుడు కొద్దిగా వంచి చూడండి. పెళుసుగా ఉంటే తీసుకోవద్దు. కొంచెమే కురచైతే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, తడి ఆరాక వాడవచ్చు.

రబ్బర్ కలిపిన కార్క్ ఇంకా మేలు. తొందరగా ఎండదు, విరగదు. ఉత్త రబ్బర్ ప్యాకింగ్ ఎక్కువ నొక్కితే పక్కకు జారి బయటికి వస్తుంది. కవర్ తిన్నగా ఉండి, చేయి నిదానంగా ఉంటేనే అది నిలుస్తుంది.

బిగించే పద్ధతి

1. ఇంజన్ చల్లారనివ్వండి. కవర్ తీశాక పుష్‌రాడ్ల రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో కప్పండి. పాత ప్యాకింగ్ ముక్కలు లోపల పడకూడదు.

2. హెడ్ అంచునూ, కవర్ అంచునూ గీకి, నూనె జిడ్డు లేకుండా తుడవండి.

3. కవర్‌ను అద్దం మీద పెట్టి వంకర చూడండి. ఉంటే చెక్క దిమ్మ ఆనించి మెల్లగా కొట్టి సరిచేయండి.

4. ప్యాకింగ్‌ను కవర్‌కు మాత్రమే జిగురుతో అతికించి, సమతలం మీద బోర్లించి ఆరనివ్వండి. హెడ్ వైపు గ్రీజు పలుచగా రాస్తే చాలు. తర్వాత ట్యాపెట్లు సెట్ చేయడానికి కవర్ తీసినా ప్యాకింగ్ చిరగదు.

5. సిలికాన్ పేస్టును దట్టంగా పూయవద్దు. లోపలికి పిండుకు వచ్చిన ముక్కలు ఊడి, ఛాంబర్‌లోని ఆయిల్ స్ట్రైనర్‌కు అడ్డుపడితే ఇంజన్‌కు ఆయిలే అందదు.

6. నట్ల కింది రబ్బర్ బుష్‌లు గట్టిపడితే కొత్తవి వేయండి. రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. గుడ్డ తీశామా లేదా అని ముందే చూసుకోండి!

ఇంత చేసినా కారితే?

ముందు బ్రీదర్ పైపు చూడండి. అది పూడుకుపోతే ఇంజన్‌లోని గాలికి దారి లేక ఆయిల్‌ను బయటికి తోస్తుంది. పిస్టన్ రింగులు అరిగినా అంతే. ఇంజన్ పక్కన దిమ్మకు ఉండే రెండు సైడ్ కవర్లకూ ప్యాకింగులు ఉంటాయి, అవీ కారతాయి. ఆయిల్ పైనుంచి కిందికే పారుతుంది గనుక, అంతా తుడిచి బండి స్టార్ట్ చేసి, అన్నిటికన్నా పైన తడి ఎక్కడ మొదలైందో టార్చిలైటుతో వెతకండి. జబ్బు అక్కడే.

తమ్ముళ్లూ, బండి మనకు అప్పగించిన మనిషి తన పిల్లాపాపలను అందులో ఎక్కించుకుని వెళతాడు. కారణం తెలుసుకున్నాకే పానా పట్టండి. షెడ్డులో మాకు దొరికిన మొదటి పాఠం ఇదే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీ సందేహాలు అడగండి, తెలిసినంత చెబుతాం.