టాస్క్‌లెట్ పుట్టుక, పదవీ విరమణ

వడ్ల సీజన్‌లో తిరుమలగిరి వ్యవసాయ మార్కెట్ ముందు ట్రాక్టర్లు వరుస కడితే, గేటు దగ్గరి మనిషి పేరు రాసుకుని బండిని లోపలికి వదలాలి. తేమ చూసుడు, కాంటా పెట్టుడు, తక్‌పట్టీ రాసుడు అక్కడే మొదలుపెడితే వరుస రోడ్డెక్కుతుంది.

ఆ వరుసలో నిలబడ్డ రైతు జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచే లినక్స్ కెర్నెల్‌దీ ఇదే పద్ధతి. ఏదైనా పరికరం ఇంటరప్ట్ కొట్టగానే ప్రాసెసర్ చేతిలో పని ఆపి, డ్రైవర్‌లోని చిన్న హ్యాండ్లర్‌ను నడుపుతుంది. అది నడిచినంతసేపు ఆ ప్రాసెసర్ మీద మిగతా ఇంటరప్ట్‌లు ఆగాల్సిందే. దేనికోసమూ ఎదురుచూస్తూ నిద్రపోయే వీలు హ్యాండ్లర్‌కు లేదు. అందుకే పరికరానికి 'అందింది' అని చెప్పి తప్పుకుంటుంది. మిగతా పని వాయిదా.

వాయిదా వెయ్యడంలో కష్టమేమీ లేదు. ఆ పని తర్వాత ఎవరి ఖాతాలో నడవాలన్న దగ్గరే పేచీ.

తొలినాటి లినక్స్‌లో దీనికి 'బాటమ్ హాఫ్'లుండేవి, మొత్తం 32. యంత్రంలో ఎన్ని ప్రాసెసర్లున్నా ఒకసారికి ఒక్కటే నడిచేది. 1999 ప్రాంతంలో సాఫ్ట్‌ఐఆర్‌క్యూలు, వాటి మీద టాస్క్‌లెట్‌లు వచ్చాయి. ఒకే టాస్క్‌లెట్ రెండు ప్రాసెసర్ల మీద ఏకకాలంలో నడవదన్న హామీ డ్రైవర్ రాసేవాళ్లకు బాగా నచ్చింది. తాళాల గొడవ సగం తప్పింది మరి!

నెట్‌వర్క్ కార్డుల కష్టం వేరు. గిగాబిట్ తీగ మీద అతి చిన్న ప్యాకెట్‌లు సెకనుకు 14.88 లక్షల దాకా రావచ్చు. ప్యాకెట్‌కొక ఇంటరప్ట్ అయితే ప్రాసెసర్‌కు వాటిని అందుకోవడమే సరిపోతుంది, ఒక్కటీ గమ్యం చేరదు. ఈ రోగాన్ని మొగల్, రామకృష్ణన్ 1996లోనే వివరించారు. లినక్స్‌లో విరుగుడు ఎన్ఏపీఐ: మొదటి ప్యాకెట్‌కు ఇంటరప్ట్, ఆపైన దాన్ని మూసేసి, విడతకు సాధారణంగా 64 దాకా కెర్నెలే వెళ్లి తెచ్చుకుంటుంది.

టాస్క్‌లెట్‌కు మాత్రం పుట్టుకతోనే ఒక లోటుంది. హ్యాండ్లర్‌లాగే అదీ నిద్రపోలేదు. పైగా చాలాసార్లు, అప్పుడు నడుస్తున్న ఏ సంబంధమూ లేని ప్రోగ్రామ్‌ను పక్కకు నెట్టి నడుస్తుంది. దానికంటూ వేరే ప్రాధాన్యం ఇవ్వలేం. 2002లో ఇంగో మోల్నార్ తెచ్చిన వర్క్‌క్యూ పనిని కెర్నెల్ థ్రెడ్‌లకు అప్పగించింది. క్యూలు పెరిగేకొద్దీ థ్రెడ్‌లూ గుట్టలు పడ్డాయి. 2010లో తేజున్ హియో వాటిని ఉమ్మడి బృందంగా మార్చాడు. 2009లో థామస్ గ్లైక్స్‌నర్ ఇచ్చిన థ్రెడెడ్ ఇంటరప్ట్‌లు నా లెక్కలో అసలైన జవాబు. వాయిదా పనికి సొంత థ్రెడ్ ఉంటుంది, 'పీఎస్' ఆదేశం కొడితే పేరుతో సహా కనబడుతుంది, ప్రాధాన్యం మార్చుకోవచ్చు.

2024 మొదట్లో టాస్క్‌లెట్ గుట్టు ఇంకొకటి బయటపడింది. తన పని ముగిశాక టాస్క్‌లెట్ తన జ్ఞాపకస్థలాన్ని తానే విడిచిపెట్టిందనుకోండి. కెర్నెల్ మాత్రం ఆ టాస్క్‌లెట్‌కు వేసిన తాళం తియ్యడానికి మళ్లీ అదే చోట చెయ్యి పెడుతుంది. ఈలోగా ఆ చోటు వేరేవాళ్ల పాలైతే వాళ్ల సమాచారం చెడుతుంది. డిస్క్‌ను గుప్తీకరించే కోడ్‌లో ఇది చర్చకొచ్చింది. ఆ ఏడాది మే నెలలో వచ్చిన 6.9 కెర్నెల్‌లో నిద్రపోని పనులకూ వర్క్‌క్యూలో చోటిచ్చారు; దానికి పెట్టిన పేరు, విచిత్రంగా, మళ్లీ 'బీహెచ్', అంటే ఆ పాత 'బాటమ్ హాఫ్' పేరే.

కొత్త డ్రైవర్లు టాస్క్‌లెట్‌ను వాడొద్దని హెడర్ ఫైలులోనే రాసిపెట్టారు. పాతవాటిని ఒక్కొక్కటిగా మారుస్తున్నారు.