కాలేయపు కంతికి రక్తము అందనీయక

కుందేలు కంటి ముందుభాగమున, అద్దము వంటి పొరకు వెనుక, నీటి వంటి ద్రవము నిండిన చిన్న గది కలదు. ఆ ద్రవములో రక్తనాళములు లేవు. కేన్సరు కంతి ముక్కను అందులో తేలునట్లు ఉంచినచో అది చావదు. అట్లని పెరుగనూ పెరుగదు. ఆవగింజకన్న చిన్నదై నిలిచిపోవును. అదే ముక్కను, రక్తనాళములుగల రంగుపొర ప్రక్కకు చేర్చినచో కథ మారును. క్రొత్త నాళములు మొలిచి దానిలో ప్రవేశించును. కొద్దివారములలో అది వేలరెట్లు పెరుగును.

1972లో ఈ ప్రయోగమును ప్రకటించిన వారిలో బోస్టను శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ఒకడు. ఆమ్లజని రక్తనాళము నుండి చాల కొద్ది దూరమే చొరగలదు. కనుక ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరుగదలచిన కంతి తనకు కావలసిన నాళములను తానే రప్పించుకొనవలెనని, ఆ పిలుపును ఆపినచో కంతి ఎదుగదని ఆయన 1971లోనే వ్రాసెను. నాడు నమ్మినవారు తక్కువ. ఆ పిలుపులలో ముఖ్యమైనది వి.ఇ.జి.ఎఫ్. అను మాంసకృత్తు, దాని జన్యువును 1989లో వేరుచేసిరి.

కాలేయము విషయమున ఒక విశేషమున్నది. దానికి చేరు రక్తములో సుమారు ముప్పాతిక వంతు పేగులనుండి వచ్చు నిర్వాహక సిరద్వారా, మిగిలినది ధమనిద్వారా వచ్చును. కంతి మాత్రము ముఖ్యముగా ధమనినే ఆశ్రయించును. అందుచే ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, కంతికి పోవు శాఖను మూసినచో, ఆరోగ్యముగానున్న భాగము సిరరక్తముతో బ్రతుకును. అయితే వ్యాధి కాలేయము దాటినపుడు ఇది చాలదు.

అట్టివారికి నాళములు పుట్టించు సంకేతములను అడ్డగించు సొరాఫెనిబ్ మాత్ర 2007లో ఆమోదము పొందెను. 602 మందిపై జరిగిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర పొందినవారి మధ్యస్థ జీవితకాలము 7.9 నెలలు, మందు పొందినవారిది 10.7 నెలలు. మూడు నెలలైనను నిండలేదు! కాని ముదిరిన కాలేయ కేన్సరులో ఆయుస్సును పొడిగించినట్లు రుజువైన మొదటి మాత్ర అదియే.

కంతి ఎందుకు మాడిపోలేదు? ఆమ్లజని తగ్గినకొలది కేన్సరు కణములు మరింత గట్టిగా పిలుచును. ఒక పిలుపు ఆగినచో వేరొక పిలుపు మొదలిడును. అంతేకాదు, వి.ఇ.జి.ఎఫ్. నాళములను పెంచుటయే గాక దేహమును కాపాడు తెల్లకణములను కూడ జోకొట్టును. ఇది గ్రహించిన పిమ్మట దానిని పట్టుకొను బెవాసిజుమాబ్‌ను, తెల్లకణముల కళ్లెము విప్పు అటెజోలిజుమాబ్‌తో జతచేసిరి. ఈ జంట 2020లో అమెరికాలో ఆమోదము పొందెను. తరువాతి లెక్కలలో మధ్యస్థ జీవితకాలము సొరాఫెనిబ్‌తో 13.4 నెలలు కాగా, జంటతో 19.2 నెలలు.

నాళములతో చెలగాటము ప్రమాదము లేనిది కాదు. ఇట్టి రోగులలో అనేకులకు కాలేయము ముందే గట్టిపడి, అన్నవాహికలోని సిరలు ఉబ్బియుండును. అవి చిట్లినచో ప్రాణాపాయము. కావున ఈ జంటచికిత్సకు ముందు వైద్యులు గొంతుద్వారా గొట్టము దింపి, ఆ సిరలను పరీక్షించి, అవసరమైనచో కట్టివేయుదురు.