పొడుగు ఇంగ్లీషు మాటను విడగొట్టడం ఎలా?

ఇంగ్లీషు పాఠం పైకి చదవమంటే హాస్టల్ పిల్లలం చిన్న మాటలన్నీ గబగబా చదివేస్తాం. పొడుగు మాట రాగానే గొంతు తగ్గిపోతుంది. నిజానికి మాటను విడదీయడం మనకు కొత్త కాదు. కొత్తపేట అంటే కొత్త, పేట. కోనసీమ అంటే కోన, సీమ. ఇంగ్లీషు మాటా అంతే.

2022లో ఏర్పడిన మన కోనసీమ జిల్లాకు ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరే ఉంది. ఆయన అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా సంఘం రాసిన రాజ్యాంగంలోంచే ఒక మాట తీసుకుందాం. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణంలోని 'అన్‌టచబిలిటీ'. ఇంగ్లీషులో 14 అక్షరాలు. నడుమ ఉన్నది 'టచ్', అంటే తాకడం. దానికి 'అబుల్' చేరిస్తే తాకదగిన. ముందు 'అన్' పెడితే తాకరాని. చివర 'ఇటీ' అంటే మన 'తనం'. 'ఇటీ' కలిసేటప్పుడు 'అబుల్' కాస్తా 'అబిల్' అయింది. మన సంధుల్లో జరిగేదీ ఇలాంటిదే కదా!

అర్థానికి నాలుగు ముక్కలు, పలకడానికి మాత్రం ఆరు: అన్-టచ్-అ-బి-లి-టీ. ఈ ముక్కలే సిలబుల్స్. వీటిలో 'బి'ని మిగతావాటికంటే గట్టిగా పలకాలి. అదే స్ట్రెస్, తెలుగులో ఊనిక. పద్యంలో గురువో లఘువో అక్షరం చూస్తే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ సుఖం లేదు. అయితే మాట తోక చూస్తే చాలాసార్లు దొరుకుతుంది. తోక 'ఇటీ' అయితే ఊనిక దాని ముందు ముక్క మీదే: యూనివర్సిటీలో 'వర్'. 'షన్' అయినా అంతే: అప్లికేషన్‌లో 'కే', రిజర్వేషన్‌లో 'వే', కాన్‌స్టిట్యూషన్‌లో 'ట్యూ'. 'ఇక్' కూడా దాదాపు ఇదే దారి. డెమోక్రసీలో రెండో ముక్క మీదున్న ఊనిక, డెమోక్రటిక్ అనగానే మూడో ముక్కకు జరుగుతుంది.

చిన్న మాటలే మోసం చేస్తాయి. హాస్టల్, హోటల్ మనం ఒకే తీరుగా అంటాం. ఇంగ్లీషులో హాస్టల్‌కు ఊనిక 'హా' మీద, హోటల్‌కు 'టెల్' మీద. అనుమానం వస్తే డిక్షనరీ చూడాలి. ఊనిక ఉన్న ముక్కకు ముందు, పైన చిన్న నిలువు గీత ఉంటుంది.

ఇంటర్వ్యూలో మన యాస విని నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వనివ్వండి. గోదావరి యాసతో ఇంగ్లీషు మాట్లాడితే నష్టమేమీ లేదు. ఊనిక తప్పితేనే ఎదుటివారికి మాట అందదు. సాధన చేయాల్సింది దాని మీద.

17వ అధికరణం రెండే వాక్యాలు. అందులో 'అన్‌టచబిలిటీ' రెండుసార్లు వస్తుంది, 'డిజబిలిటీ' ఒకసారి. దానికీ అదే తోక, అదే 'బి'. ఈ రాత్రి స్టడీ అవర్లో పైకి చదవండి.